పొడుగుకాళ్ల ఈగ, దోమ: దగ్గరగా చూచి తెలిసికొనవలసిన భేదములు

వర్షాకాలమున దీపములు వెలిగించు వేళకు ఇంటి గోడలపై వచ్చి వ్రాలు కీటకములలో ఒకటి ప్రత్యేకముగా కంటబడుచుండును. దాని కాళ్లు దారపు పోగులవలె సన్నగా, మిక్కిలి పొడుగుగా ఉండును. దేహము పుల్లవలె ఉండును. ఆకారమున దోమను పోలియుండియు దోమకంటె అనేక రెట్లు పెద్దదిగా కనిపించును. చిన్న దోమ కుట్టినందుకే చలిజ్వరము వచ్చుచుండగా ఇంత పెద్ద దోమ కుట్టినచో గతియేమి యని దీనిని చూచి జంకువారు కలరు. నిజమునకు ఇది దోమ కాదు. దీనికి కుట్టు సాధనమే లేదు. ఇది రక్తము త్రాగదు, ఏ జ్వరమును మోయదు.

దీని శరీరము ఎట్లు నిర్మింపబడినదో, దోమ శరీరమునకు దీనికి గల భేదమేమో పంచాయతీ సభ్యులకు వివరించుట ఈ పాఠము ఉద్దేశము. కీటకశాస్త్రము పండితుల పని గదా, మాకేల యని కొందరు తలపవచ్చును. కాని గ్రామమున జ్వరములు ప్రబలినప్పుడు ప్రజలు మొదట అడుగునది పంచాయతీనే. ఏ కీటకము హానికరమో, అది ఎచట పుట్టుచున్నదో తెలియనిచో పంచాయతీ సొమ్ము, పారిశుద్ధ్య కార్మికుల శ్రమ పనికిరాని చోట వ్యయమగును. హాని చేయు కీటకము మాత్రము ఇంటి వెనుక గోళెములో నిశ్చింతగా పెరుగుచుండును. రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల చుట్టునున్న పల్లెలలో నీరు నిలుచు తావులు పలు విధములుగా ఉండుటచే ఈ తెలివిడి అచటి సభ్యులకు మరింత అవసరము.

పేరు, వంశము

ఈ కీటకమును ఆంగ్లమున క్రేన్ ఫ్లై అందురు. గనుల ప్రాంతమున క్రేన్ అనగానే బరువులనెత్తు యంత్రము జ్ఞప్తికి వచ్చును. కాని ఇచట ఆ మాటకు పొడుగు కాళ్లుగల కొంగవంటి పక్షి అని అర్థము. ఈ పాఠమున మనము దీనిని పొడుగుకాళ్ల ఈగ అని పిలుచుకొందము. శాస్త్రజ్ఞులు దీని కుటుంబమునకు టిపులిడే అని పేరిడిరి. ఈ కుటుంబమునందును, దీనికి మిక్కిలి దగ్గరివగు కుటుంబములందును కలిపి ప్రపంచమున 15,000 కు పైగా జాతులు గుర్తింపబడినవి. భారతదేశపు జాతులను వర్ణించుచు ఎన్రికో బ్రునెటి అను శాస్త్రజ్ఞుడు 1912 లో ఒక గ్రంథమును ప్రకటించెను. అటుపిమ్మట అమెరికా దేశస్థుడగు చార్లెస్ పాల్ అలెగ్జాండర్ (1889-1981) తన జీవితకాలమున 11,000 కు పైగా జాతులను వర్ణించి పేర్లు పెట్టెను. వానిలో మన దేశపు జాతులును పెక్కు కలవు.

ఈగ, దోమ, పొడుగుకాళ్ల ఈగ, ఈ మూడును ఒకే పెద్ద వర్గమునకు చెందినవి. తూనీగకు, సీతాకోకచిలుకకు, తేనెటీగకు నాలుగేసి రెక్కలుండగా ఈ వర్గపు కీటకములకు రెండే రెక్కలుండును. అందుచేత దీనిని రెండు రెక్కల వర్గము అందురు. పొడుగుకాళ్ల ఈగ దోమకు దూరపు బంధువు. ఆకారమున పోలిక ఆ బంధుత్వము వలన వచ్చినదే గాని, నడవడిలో రెంటికిని పొంతన లేదు.

పరిశీలించు విధానము

ఇందుకు ప్రయోగశాల అవసరము లేదు. ఉదయమున వీధి దీపపు స్తంభము క్రింద గాని, వరండాలో గాని చచ్చి పడియున్న పొడుగుకాళ్ల ఈగ నొకదానిని, దోమ నొకదానిని ఏరి తెల్లకాగితముపై ప్రక్కప్రక్కన పెట్టవలెను. పాఠశాలలో నుండు భూతద్దము చాలును. ఇప్పటి చేతి ఫోనులలోని కెమెరాతో దగ్గరగా బొమ్మ తీసి దానిని తెరపై పెద్దది చేసి చూచినను సరిపోవును. చూచునపుడు తల, ఉరము, ఉదరము అను మూడు భాగములను వరుసగా చూడవలెను. కీటకములన్నింటికిని దేహము ఈ మూడు భాగములుగనే ఉండును. కాళ్లును రెక్కలును ఉరమునకే అంటియుండును.

తల

పొడుగుకాళ్ల ఈగ తలలో అధిక భాగమును రెండు పెద్ద కన్నులు ఆక్రమించియుండును. ఒక్కొక్క కన్ను అనేకమైన చిన్న కన్నుల సమూహము. భూతద్దముతో చూచినపుడు అది తేనెపట్టు గదులవలె కనిపించును. ఈగ వంటి అనేక కీటకములకు నడినెత్తిపై మరి మూడు చిన్న బొట్టు కన్నులుండును. టిపులిడే కుటుంబమున అవి ఉండవు.

కన్నుల నడుమనుండి రెండు మీసములు ముందునకు వచ్చును. ఇవి పూసలు గుచ్చినట్లు చిన్న చిన్న కణుపులతో నుండును. టిపులిడే కుటుంబమున ఈ కణుపులు సాధారణముగా 13 ఉండును. వాసనను, గాలి కదలికను కీటకము వీనితోనే గ్రహించును.

తల ముందుభాగము మూతివలె కొంచెము సాగియుండును. దూరమునుండి చూచువారు దీనినే సూది యనుకొని భయపడుదురు. దగ్గరగా చూచినచో దాని కొన మెత్తని పెదవులుగా నుండునే గాని మొనదేలి యుండదు. ఈ పెదవులతో అది మంచు బిందువులను, పూల తేనెను మాత్రము అద్దుకొని త్రాగగలదు. కొన్ని జాతులలో పెద్ద కీటకము ఆహారమే తీసికొనదు. మూతికి ఇరుప్రక్కల స్పర్శకు ఉపయోగపడు రెండు కాడలు వ్రేలాడుచుండును. పెద్ద జాతులలో ఈ కాడ చివరి కణుపు కొరడావలె పొడుగుగా నుండును. చర్మమును గ్రుచ్చుటకు ఈ తలలో ఏ పరికరమును లేదు. దీనిని దోమలను తిను కీటకమని చెప్పువారును కలరు. అదియు నిజము కాదు. దోమను పట్టుటకు గాని నమలుటకు గాని దీనికి దవడల బలము లేదు.

ఉరము, రెక్కలు

ఉరమును పైనుండి చూడవలెను. వీపుపై అడ్డముగా ఒక గాడి స్పష్టముగా కనిపించును. అది నడుమ వెనుకకు వంగి, కొన వెనుకకు తిరిగిన బాణపు ములుకువలె నుండును. పొడుగుకాళ్ల ఈగను గుర్తించుటకు ఇది మిక్కిలి నమ్మదగిన చిహ్నము. దోమ వీపుపై ఇట్టి గాడి ఉండదు.

రెక్కలు రెండును సన్నగా, పొడుగుగా, గాజువలె పారదర్శకముగా నుండును. కొన్ని జాతులలో గోధుమరంగు మచ్చలుండును. రెక్కలో ఈనెలు ఆకునందలి ఈనెలవలె స్పష్టముగా కనిపించును. ఇక దోమ రెక్కను చూడుడు. ఈనెల వెంబడియు, అంచు వెంబడియు చిన్న చిన్న పొలుసులు కుదురుగా పేర్చియుండును. దోమను వేలితో నలిపినపుడు అంటుకొను బూడిదవంటి పొడిలో ఈ పొలుసులే ఉండును. పొడుగుకాళ్ల ఈగ రెక్కపై అట్టి పొలుసులుండవు.

రెక్కల వెనుక, ఇరుప్రక్కల, గుండుసూదిని పోలిన రెండు చిన్న కాడలు కలవు. కాడ చివర గుండ్రని గుబ్బ ఉండును. రెండు రెక్కల వర్గమునకు చెందిన కీటకములన్నింటికిని ఇవి కలవు గాని, సాధారణపు ఈగలలో మరుగుపడి యుండును. పొడుగుకాళ్ల ఈగలో మాత్రము ఉత్త కంటికే కనిపించును. పూర్వము వెనుకరెక్కలుగా నుండినవే క్రమముగా ఇట్లు మారినవి. వీనిని సంతులన కాడలు అనవచ్చును. ఈ కాడలను తొలగించినచో ఈగ తిన్నగా ఎగురజాలదని విలియం డెర్హమ్ అను ఆంగ్ల విద్వాంసుడు 18 వ శతాబ్ది ఆరంభముననే గమనించెను. కారణమును 1948 లో జాన్ ప్రింగిల్ అను శాస్త్రజ్ఞుడు విశదపరచెను. ఎగురునపుడు ఈ కాడలు రెక్కలతో సమాన వేగముతో పైకి క్రిందికి ఊగుచుండును. దేహము ఒక ప్రక్కకు ఒరిగిన వెంటనే ఊగు కాడ మొదట ఒత్తిడి కలుగును. అచటనున్న నరములు ఆ ఒత్తిడిని గ్రహించి రెక్కలను సవరించును. గోడ నిలువును చూచుటకు తాపీపనివాడు వ్రేలాడదీయు గుండు ఒరుగును ఎట్లు తెలుపునో, ఈ కాడలు ఎగురు కీటకమునకు తన ఒరుగును అట్లే తెలుపుచున్నవి.

కాళ్లు, ఉదరము

ఆరు కాళ్లును దేహమునకు రెండింతలకు మించి పొడుగుగా నుండుట కలదు. ఇవి మిక్కిలి సులభముగా ఊడిపోవును. కాలి మొదటనున్న చిన్న కణుపునకు, తొడకు నడుమగల కీలు వద్ద తెగునట్లే ఇవి ఏర్పడియున్నవి. బల్లి గాని, సాలీడు గాని కాలిని పట్టుకొన్నచో ఈ కీటకము కాలిని విడిచి ప్రాణమును దక్కించుకొనును. ఊడిన కాలు మరల మొలవదు. కావున నాలుగు కాళ్లతోనో ఐదు కాళ్లతోనో కనిపించిన కీటకమును వేరొక జాతిగా భావింపరాదు.

ఉదరము సన్నగా, కణుపులు కణుపులుగా నుండును. మగదాని ఉదరము చివర ఉబ్బి మొద్దుబారి యుండును. ఆడుదాని ఉదరము చివర ములుకువలె కొనదేలి యుండును. దీనిని చూచి కొండెమని, కందిరీగవలె పొడుచునని పలువురు భ్రమపడుదురు. అది కొండెము కాదు. తడిమట్టిలో గ్రుడ్లను దించుటకు ఉపయోగపడు సాధనము. దానిలో విషము లేదు. మనిషి చర్మమును అది గ్రుచ్చదు.

పుట్టుక, పెరుగుదల

పొడుగుకాళ్ల ఈగ జీవితమున నాలుగు దశలు కలవు. గ్రుడ్డు, పురుగు, గూటి దశ, రెక్కల దశ అని వానిని చెప్పవచ్చును. గ్రుడ్లు నల్లని చిన్న గింజలవలె నుండును. వానినుండి వెలువడు పురుగులు గుండ్రని దేహముతో, మట్టిరంగుతో, కాళ్లు లేక ఉండును. కదిలించినచో తలను దేహములోనికి ముడుచుకొనును. దేహము వెనుక కొనను భూతద్దముతో చూచినపుడు రెండు నల్లని శ్వాసరంధ్రములును, వాని చుట్టు సాధారణముగా ఆరు చిన్న తమ్మెలును కనిపించును. రెండు కన్నులుగల ముఖమువలె అది తోచును గాని, నిజమునకు అది తోకభాగము.

ఈ పురుగులు తడిమట్టిలో, వాగుల ఒడ్డున, చెట్లక్రింద కుళ్లుచున్న ఆకులలో, పుచ్చిన కొయ్యలో నివసించును. అధిక జాతులు రాలిన ఆకులను తిని నుసి చేసి మట్టిలో కలుపును. ఐరోపా ఖండపు చలిదేశములలో కొన్ని జాతుల పురుగులు పచ్చికబయళ్ల వేళ్లను కొరికి నష్టము కలిగించును. కాని మొత్తము కుటుంబమును చూచినపుడు ఆకును ఎరువుగా మార్చు జాతులే ఎక్కువ. కప్పలకును, పక్షులకును ఈ పురుగులు మంచి ఆహారము. రెక్కలు వచ్చిన పిమ్మట ఈ కీటకము కొలదిదినములు మాత్రమే బ్రతుకును. జత కూడుట, గ్రుడ్లు పెట్టుట తప్ప దానికి వేరు పని లేదు.

బొగ్గుగనుల ప్రాంతమువారు ఈ సందర్భమున ఒక విషయమును గమనింపవచ్చును. గోదావరి లోయలోని బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే చిత్తడి నేలలలో పెరిగిన వృక్షములనుండి ఏర్పడినది. గ్లాసాప్టెరిస్ అను వృక్షజాతి ఆకుల అచ్చులు ఆ కాలపు రాళ్లలో కనిపించును. ఆ ఆకులును కొమ్మలును గాలి చొరని నీటిలో మునిగి, పూర్తిగా కుళ్లక మిగిలినందుననే బొగ్గుగా మారినవి. నేడు చెట్టుక్రింద రాలిన ఆకు మాత్రము సూక్ష్మజీవులకు, వానపాములకు, ఇట్టి పురుగులకు ఆహారమై ఏడాది రెండేండ్లలో మట్టిలో కలిసిపోవుచున్నది. పొలమునకు ఆ మట్టియే బలము. కావున చెట్లక్రింది తడి ఆకులలో ఈ పురుగులు కనిపించినంత మాత్రమున కిరోసిను పోయుట, మందు జల్లుట అనవసరము.

దోమ దేహములోని సూదులు

ఇప్పుడు కాగితముపై నున్న దోమ వంకకు మరలుదము. దీని తలనుండి ముందునకు చొచ్చుకొని వచ్చిన పొడుగైన తొండము కలదు. పైకి ఒకటే దారమువలె కనిపించినను అది నిజమునకు ఒక ఒర. ఆడుదోమ తొండములో, ఆ ఒరలోపల, ఆరు సన్నని సూదులు ఇమిడియుండును. దోమ కుట్టునపుడు ఒర వెనుకకు వంగి వెలుపలనే నిలిచిపోవును. సూదులు మాత్రము చర్మములోనికి దిగును. కొన్ని సూదులు చర్మమును కోయును. ఒకటి రక్తమును పైకి లాగు గొట్టముగా పనిచేయును. మరియొకటి దోమ లాలాజలమును మన దేహములోనికి వదలును. రోగకారకములగు క్రిములలో మలేరియా, డెంగ్యూ క్రిములు ఈ లాలాజలముతోనే మనలో ప్రవేశించుచున్నవి. గ్రుడ్లు ఎదుగుటకు రక్తము అవసరమగుటచే ఆడుదోమ మాత్రమే కుట్టును. మగదోమ పూల తేనెతో జీవించును. మగదాని మీసములు కుచ్చువలె గుబురుగా నుండుటచే దానిని సులభముగా గుర్తింపవచ్చును.

దోమలన్నియు ఒకటి కావు. పంచాయతీ సభ్యులు ముఖ్యముగా మూడు విధములను ఎరిగియుండవలెను.

మొదటిది అనాఫిలిస్. ఇది మలేరియాను మోయునది. గోడపై వ్రాలినపుడు తల క్రిందుగా, తోక పైకెత్తి, మేకు కొట్టినట్లు ఏటవాలుగా నిలుచును. తొండమునకు ఇరుప్రక్కల నుండు కాడలు తొండమంత పొడుగుగా నుండును. పెక్కు జాతులలో రెక్కలపై మచ్చలుండును. దీని పిల్లలు నీటి పైభాగమున నీటిమట్టముతో సమముగా అడ్డముగా తేలును. ఇది సామాన్యముగా మంచినీటిలోను, నిలిచిన వాననీటిలోను, వాగులలోను, బావులలోను పెరుగును.

రెండవది క్యూలెక్స్. ఇందలి ఒక జాతి బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయును. ఇది వ్రాలినపుడు దేహము గోడకు సమముగా నుండును. దీని పిల్లలు తోకవద్దనున్న శ్వాసనాళమును నీటిపైకి పెట్టి తలక్రిందులుగా వ్రేలాడును. మురుగు కాలువలు దీనికి ఇష్టమైన తావులు.

మూడవది ఏడిస్. నల్లని దేహముపై తెల్లని చారలుండును. పగటివేళ కుట్టును. డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరములకు ఇది కారణము. ఇంటిలోను, ఇంటిచుట్టును గోళెములు, కూలర్లు, పూలకుండీలు, పాత టైర్లు, పగిలిన కుండలు మొదలగు వానిలో నిలిచిన నీటియందు ఇది పెరుగును. దీని గ్రుడ్లు పాత్ర లోపలి గోడకు అంటుకొని నీరు ఎండినను నెలల తరబడి బ్రతికియుండగలవు. కావున నీరు పారబోసిన మాత్రమున చాలదు. పాత్ర లోపలి గోడను పీచుతో రుద్ది కడుగవలెను.

సికింద్రాబాదు నేర్పిన పాఠము

కీటకముల అవయవములను ఇంత దగ్గరగా చూచుటవలన ప్రయోజనమేమి యను ప్రశ్నకు మన తెలుగుగడ్డపైననే గొప్ప సమాధానము లభించినది. సైనిక వైద్యుడగు రొనాల్డ్ రాస్ 1895 లో సికింద్రాబాదునకు వచ్చి, మలేరియా క్రిమి దోమలో పెరుగునా యను విషయమును పరిశోధింపదొడగెను. రోగిని కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించెను. దోమలచే కుట్టించుకొనిన రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చెను. ఎన్ని దోమలను కోసినను ఫలితము కనబడలేదు. ఆయన చూచుచున్నవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. మలేరియా క్రిమి వానిలో పెరుగదు.

1897 ఆగస్టులో మచ్చల రెక్కలుగల మరియొక రకపు దోమలు ఆయనకు లభించినవి. వానిచే రోగిని కుట్టించి, ఆగస్టు 20 వ తేదీన వానిలో నొకదాని జీర్ణాశయమును పరిశీలించగా, ఆ గోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనిపించెను. అవియే దోమలో పెరుగుచున్న మలేరియా క్రిములు. ఆ మచ్చల రెక్కల దోమయే అనాఫిలిస్. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి అచటినుండి వ్యాపించునని ఆయన నిరూపించెను. 1902 లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆగస్టు 20 వ తేదీని నేటికిని ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు. ఆయన పనిచేసిన బేగంపేట భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధ్వర్యమున ఆయన పేరుతో నిలిచియున్నది.

దోమ యనునది ఒక్కటే యని తలచినంతకాలము రాస్ శ్రమ ఫలింపలేదు. రెక్కపై మచ్చ, వ్రాలు తీరు అను చిన్న భేదములను గమనించిన పిమ్మటనే దారి దొరికినది. మహాశాస్త్రజ్ఞునికే అవసరమైన ఈ జాగ్రత్త గ్రామ పారిశుద్ధ్యమును చూచు మనకును అవసరమే.

మందు జల్లుటతోనే తీరునా

స్వాతంత్ర్యానంతరము 1953 లో దేశమున మలేరియా నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. 1958 లో దానిని నిర్మూలన కార్యక్రమముగా మార్చిరి. ఇండ్ల గోడలపై డీడీటీ జల్లుటచే వ్యాధి ఎంతో తగ్గి, 1965 నాటికి ఏటా సుమారు 1 లక్ష కేసులకు దిగినది. కాని దోమలు మందునకు అలవాటుపడుట, పర్యవేక్షణ సడలుట మొదలగు కారణములచే వ్యాధి తిరిగి విజృంభించి, 1976 లో 64 లక్షలకు పైగా కేసులు నమోదైనవి. మందు అవసరమే. కాని దోమ పుట్టు నీటిని వదలివేసి ఎగురు దోమను మాత్రము వెంటాడినచో ఫలితము నిలువదు.

వీధులలో పొగమందు వదలినపుడు ఆ వేళకు ఎగురుచున్న దోమలు చచ్చును. నీటిలోని పిల్లలకు ఆ పొగ తగులదు. వేడి దినములలో గ్రుడ్డు దోమగా మారుటకు 7 నుండి 10 దినములు చాలును. నేడు పొగ వదలినను, గోళెములోని పిల్లలు రేపటినుండి దోమలై వెలుపలికి వచ్చుచునే యుండును. పెద్ద కీటకము గోడపై వ్రాలినదని ప్రజలు ఆందోళన చెందినపుడు, అది పొడుగుకాళ్ల ఈగయో దోమయో చూడకయే పొగ యంత్రమును తెప్పించినామనుకొందము. సొమ్ము వ్యయమగును, ప్రజలకు ధైర్యము కలిగినట్లును తోచును. కాని వారము తిరుగునప్పటికి జ్వరములు మరల తలయెత్తును.

గనుల ప్రాంతమున నీరు నిలుచు తావులు

రామగుండము పరిసరములలోని పల్లెలలో చెరువులు, కుంటలు, వరిమళ్లు, మురుగు కాలువలు ఎటులును కలవు. వీనికి తోడు గనుల వలన ఏర్పడు తావులు కొన్ని కలవు. ఓపెన్‌కాస్ట్ గనుల గోతులలోను, మట్టి గుట్టల అడుగునను వాననీరు చేరును. భూగర్భ గనులపై నేల క్రుంగిన చోట్ల గుంటలు పడును. బరువు వాహనములు తిరుగు బాటలలో చక్రపు గాడులు నీటితో నిండియుండును. గనులనుండి పంపులు తోడిపోయు నీరు పారు కాలువలు పూడినచోట నిలిచిపోవును. డంపర్ల, లారీల పాత టైర్లు పెరళ్లలోను, మరమ్మతు దుకాణముల వెనుకను పడియుండును. మంచినీటి సరఫరా రోజు విడిచి రోజు జరుగు వీధులలో ప్రజలు డ్రమ్ములలోను, గోళెములలోను నీరు నిలువ చేసికొందురు.

ఈ తావులన్నియు ఒకే దోమకు నిలయములు కావు. చక్రపు గాడులలోను, స్వచ్ఛమైన వాననీటి గుంటలలోను అనాఫిలిస్ పెరుగుటకు అవకాశము కలదు. డ్రమ్ములలో, టైర్లలో ఏడిస్ పెరుగును. మురుగు నిలిచిన కాలువలలో క్యూలెక్స్ పెరుగును. ఏ తావున ఏది పెరుగుచున్నదో తెలిసికొన్నచో చేయవలసిన పని తనంతట తేలిపోవును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదట గ్రామపటముపై నీరు నిలుచు తావులనన్నింటిని గుర్తింపవలెను. వార్డు సభ్యులు తమ తమ వార్డులను తిరిగి చూచి వ్రాసికొనుట మేలు. గని గోతుల సమీపమునకు అనుమతి లేక వెళ్లుట ప్రమాదకరము గావున ఆ తావులను వెలుపలినుండియే గుర్తింపవలెను.

రెండవది, వారమునకొక దినము తప్పక తనిఖీ చేయవలెను. తెలంగాణలో శుక్రవారమును డ్రై డే గా పాటించు పద్ధతి కలదు. గ్రుడ్డు దోమయగుటకు వారమునకు తగ్గని కాలము పట్టును గనుక, వారమునకొక మారు పాత్రలను ఖాళీచేసి రుద్ది ఆరబెట్టినచో ఆ నీటినుండి ఒక్క దోమయు ఎగురజాలదు. ఈ నియమమునకు ఆధారము దోమ జీవితకాలములోనే కలదు.

మూడవది, తనిఖీకి వెళ్లువారు ఒక తెల్లని గిన్నెతో నీటిని ముంచి చూడవలెను. పిల్లలు అడ్డముగా తేలుచున్నవా, తలక్రిందులుగా వ్రేలాడుచున్నవా గమనించి పుస్తకమున వ్రాయవలెను. పాఠశాల విద్యార్థులు ఈ పనిని ఉత్సాహముతో నేర్చుకొందురు.

నాలుగవది, తావును బట్టి చికిత్స చేయవలెను. చిన్న గుంటలను మట్టితో పూడ్పవలెను. కాలువలకు వాలు సరిచేసి నీరు పారునట్లు చేయవలెను. ఇండ్లనుండి వచ్చు వాడుకనీటికి ఇంకుడు గుంతలు త్రవ్వవలెను. డ్రమ్ములకును, మిద్దెలపై నుండు ట్యాంకులకును బిగువైన మూతలు పెట్టింపవలెను. పాత టైర్లను కప్పుక్రిందికి చేర్పవలెను. పూడ్చుటకు వీలుకాని నీటిలో దోమపిల్లలను చంపు మందును వైద్యశాఖవారి సలహాపై వాడవలెను. 1928 లో మనదేశమునకు తెచ్చిన గంబూసియా చేపలు దోమపిల్లలను తినును. కాని అవి ఇతర చేపపిల్లలను కూడ తినును గావున చెరువులలో వదలుటకు ముందు మత్స్యశాఖవారిని సంప్రదింపవలెను.

ఐదవది, గని భూములలో నీరు నిలిచిన చోట్లను గూర్చి సంస్థ ఏరియా కార్యాలయమునకు వ్రాయునపుడు, దోమలు ఎక్కువగా నున్నవని మాత్రమే వ్రాయరాదు. ఏ తావున, ఎంత వెడల్పు గుంటలో, ఏ రకపు పిల్లలు, ఏ తేదీన కనిపించినవో వ్రాయవలెను. స్పష్టమైన విన్నపమునకు స్పష్టమైన సమాధానము అడుగు హక్కు పంచాయతీకి కలుగును.

ఆరవది, జ్వరము వచ్చిన వారిని ఆలస్యము చేయక ఆశా కార్యకర్త ద్వారా రక్తపరీక్షకు పంపవలెను. మలేరియా రోగిని కుట్టిన దోమ కొంతకాలము గడచిన పిమ్మట ఇతరులకు వ్యాధిని అంటింపగలదు గనుక, రోగికి త్వరగా మందు ఇప్పించుట పొరుగువారికి కూడ రక్షణ.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున గోడలపై కనిపించు పొడుగుకాళ్ల ఈగకును దోమకును తొండము, రెక్క, వీపు గాడి విషయమున గల భేదములను ఎందరు చూపగలరు?

2. మన వార్డులో నీరు నిలుచు తావులెన్ని? వానిలో దోమపిల్లలు గల తావులెన్ని? అవి ఏ రకమువి?

3. గడచిన సంవత్సరము దోమల నివారణకు పంచాయతీ వ్యయపరచిన సొమ్ములో ఎగురు దోమలకై ఎంత, నీటిలోని పిల్లలకై ఎంత వ్యయమైనది?

4. శుక్రవారపు తనిఖీ ఏ వీధులలో జరుగుచున్నది, ఏ వీధులలో జరుగుటలేదు? జరుగనిచోట బాధ్యత ఎవరికి అప్పగింపవలెను?

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములను తీర్మానముల పుస్తకమున వ్రాసి, మూడు మాసముల పిమ్మట మరల సరిచూచుకొనవలెనని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.